స్పానిషు సీరియలు, మన వాడల పిల్లలు

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపు పాఠము)

అధ్యక్షులవారికి, పెద్దలకు, తల్లులకు, వెనుక వరుసలలో గోడకు ఆనుకొని నిలిచియున్న యువజనులకు మా నమస్కారములు.

ఈ సభలో నూలు ధరలను గూర్చియో, చద్దరుల బేరములను గూర్చియో, బడిప్రవేశములను గూర్చియో ప్రసంగములు జరుగుట వాడుక. నేడు మేము ఎన్నుకొన్న విషయము వేరు. స్పానిషు భాషలో, పదునైదు పదునారేండ్ల పిల్లల కొరకు తీయబడిన ఒక టెలివిజను ధారావాహికను గూర్చి మాటాడదలచితిమి. ప్రకటన చూచి కొందరు పెద్దలు "షోలాపూరులోని పద్మశాలీలకు స్పానిషు సీరియలుతో ఏమి పని?" అని అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. ఆ కథ హిందీ వేషము వేసికొని యిరువదేండ్ల క్రిందటనే మన యిండ్లలోనికి వచ్చి పోయినదని మొదటి సమాధానము. ఆ భాషవారు అమెరికాలో మనవలెనే ఒక అల్పసంఖ్యాక భాషగా బ్రతుకుచు, పిల్లల నోట తమ మాట నిలుచునా నిలువదా అను చింతతో నున్నారని రెండవ సమాధానము. ఈ రెండును విన్న పిదప పని యున్నదో లేదో తామే నిర్ణయింపవచ్చును.

మొదట ఆ వస్తువెట్టిదో చెప్పెదము. లాటిను అమెరికా దేశములలో 'తెలెనొవేల' అనునది యొక కథాప్రక్రియ. టెలివిజనులో వచ్చు నవల యని దాని యర్థము. వారమున కైదు దినములు వచ్చును. మన హిందీ, తెలుగు సీరియళ్ళవలె పదేండ్లు సాగదు. కథకు ఆది యున్నట్లే అంత్యమును ఉండును. కొన్ని నెలలకో, ఏడాది రెండేండ్లకో ముగియును. ముగింపు ఉన్నదని ముందే తెలియుటచేత వ్రాయువారికి కొంత భయము, చూచువారికి కొంత ఆశ కలుగును. ఈ యొక్క గుణమునైన మన సీరియళ్ళవారు ఎరువు తెచ్చుకొనియుండిన బాగుండెడిది.

అర్జెంటీనా దేశమున క్రిస్ మొరేనా అను నామె పిల్లల కొరకు ఇట్టి కథలను తయారుచేయుటలో పేరు పొందినది. 1995లో 'చికితీతాస్' అను అనాథబాలల కథతో ఆమెకు కీర్తి వచ్చెను. 2002లో 'రెబెల్దే వే' అను ధారావాహికను ప్రారంభించినది. అది ఆ దేశమునకు మిక్కిలి చెడ్డకాలము. 2001 డిసెంబరులో బ్యాంకులు జనుల పొదుపు సొమ్మును బిగబట్టి, ప్రభుత్వములు ఒకదాని వెంట నొకటి కూలి, మధ్యతరగతివారు సయితము గిన్నెలు మ్రోగించుచు వీధికెక్కిన సమయమది. అట్టి వేళ తీసిన కథ ధనికుల బిడ్డలు చదువు ఒక వసతి పాఠశాలలో జరుగును. ఆ బడిపేరు 'ఎలీట్ వే'. ఇద్దరు బాలికలు, ఇద్దరు బాలురు ముఖ్యపాత్రలు. తలిదండ్రులకు ధనమున్నది, తీరిక లేదు. పిల్లలు రహస్యముగా ఒక పాటల బృందమును కట్టుదురు. కథలోని బృందము కథలోనే యుండక, 'ఎర్రెవే' అను పేర నిజముగా రికార్డులు వెలువరించి సభలలో పాడెను. తెరమీది పిల్లలు, తెర వెలుపలి పిల్లలు ఒకరేయగుట ఈ వ్యాపారములోని గుట్టు.

2004లో మెక్సికోలోని తెలెవీసా సంస్థ అదే కథను 'రెబెల్దే' అను పేర తిరిగి తీసెను. 2006 జూను వరకు 440 అధ్యాయములు నడచినది. దానినుండి పుట్టిన ఆరుగురి బృందమునకు 'ఆర్.బి.డి.' యని పేరు. పిదప పోర్చుగలు, చిలీ, బ్రెజిలు దేశములవారును ఈ కథను తమ తమ రీతిని తీసికొనిరి. 2022లో నెట్‌ఫ్లిక్సువారు దానినే కొత్త పిల్లలతో మరల తీసిరి. అది రెండు భాగములతో ఆగినది.

ఇది యెట్లు సాధ్యమయ్యెనో మన నేతవారికి వేరుగా చెప్పనక్కరలేదు. జకార్డు మగ్గము మీద చిల్లులు పొడిచిన అట్టల దండ యుండును గదా. ఆ దండను ఒక సాంచ మీదినుండి విప్పి వేరొక సాంచ మీద కట్టినచో, పడుగు మారినను, పేక రంగు మారినను, అదే నెమలి, అదే పూవు చద్దరులో లేచివచ్చును. కథలను ఇట్లు అట్టల దండగా అమ్ముటకు 'ఫార్మాటు' అమ్ముట యని వారు పేరు పెట్టుకొన్నారు. పాత్రలు, వారి చిక్కులు, మలుపులు అట్టల వంటివి. భాష, దుస్తులు, పండుగలు, తిండి నూలు వంటివి.

ఆ దండ యొకటి 2004 నవంబరులో బొంబాయికి వచ్చి హిందీ నూలుతో నేయబడెను. స్టార్ వన్ వాహినిలో 'రీమిక్స్' అను పేర 2006 వరకు వచ్చిన సీరియలు అదియే. బడిపేరు మౌర్య హై. టియా, అన్వేష, రణవీర్, యువరాజ్ అను నలుగురు పిల్లలు. వీరును పాటల బృందమును కట్టిరి. అప్పుడు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులలో నుండి, సాయంకాలము కండెలు చుట్టుట మాని ఆ సీరియలును చూచి పెద్దలచేత తిట్లు తిన్న బాలబాలికలే నేడు తలిదండ్రులై, "మా పిల్లలు ఫోను వదలుట లేదు" అని సంఘమునకు మొర పెట్టుకొనుచున్నారు. నవ్వుచున్న వారెవరో మేము చూచుటలేదు; కాని నవ్వు వినబడుచున్నది.

ఇక ఆ కథలోని మంచిచెడ్డలు. చెడ్డ ముందు చెప్పుట మేలు. ఆ బడిలో ఎవరికిని పని యనునది లేదు. అన్నము ఎవరు వండుదురో, బట్టలు ఎవరు ఉతుకుదురో కథకు పట్టదు. కోటు, టై, పొట్టి లంగా, ఎఱ్ఱ రంగు. పదునారేండ్ల బాలిక అద్దము ముందు ఎంత సేపు గడుపుచున్నదో, పుస్తకము ముందు అంత సేపు గడుపదు. రెండు గదుల యింటిలో, పక్కనే సాంచలు దడదడలాడుచుండగా, తల్లి చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచుండగా, ఆ వెలుగును చూచు పిల్లకు తన యిల్లు చిన్నబోవుట సహజము. ఇందులో వ్యాపారముకూడ నున్నది. పాట అమ్మవలెను, పాటతో చొక్కా అమ్మవలెను, చొక్కాతో నోటుపుస్తకము అమ్మవలెను.

ఆ మోజు ప్రాణములనుకూడ తీసినది. 2006 ఫిబ్రవరి 4వ తేదీన బ్రెజిలులోని సావ్ పావ్లో నగరమున, ఆర్.బి.డి. బృందము సంతకములు చేయుటకు వచ్చిన యొక విశాలమైన అంగడి ఆవరణలో వేలకొలది పిల్లలు క్రిక్కిరిసి, తొక్కిసలాటలో ముగ్గురు మరణించిరి. సంతకము కొరకు పోయిన బిడ్డ తిరిగి రాలేదు. ఇట్టివి మన తెలుగునాటను సినిమాల పేర, నటుల పేర జరిగినవి. ఆ దుఃఖము మనకు కొత్త కాదు. కావున ఈ ధారావాహికలను మేము పొగడుటకు వచ్చితిమని ఎవరును తలపరాదు.

అయినను అందులో ఒక నిజమున్నది. ఆ బడిలో ధనికులతోపాటు విద్యార్థివేతనముతో చేరిన పేదపిల్లలు కొందరుందురు. వారిని బడినుండి వెళ్ళగొట్టుటకు ధనికపిల్లలు ఒక రహస్యకూటమిని నడుపుదురు. దాని పేరు 'లా లోహియ'. ముసుగులు వేసికొని పేద విద్యార్థిని బెదరింతురు, అవమానింతురు. మొదటి కథలోను, మెక్సికో కథలోను ఇదియే అన్నిటికంటె గట్టి పోగు. ఎవరు ఆ కూటమిలో నున్నారు, ఎవరు ఎదిరింతురు, స్నేహితుడే అందులో నున్నచో ఏమి చేయవలెను అను ప్రశ్నల మీద కథ నడచును.

తాము ఒక్కసారి ఆలోచింపవలెను. మన సాఖర్ పేటనుండియో, భద్రావతి పేటనుండియో, అశోకచౌకు నుండియో మంచి మార్కులతో పూనాలోని కళాశాలకు పోయిన పిల్లవానికి ముసుగులు లేని లోహియ యెదురగుచుండును. మాట యాసను పట్టి నవ్వుదురు. ఇంటిపేరు అడిగి ఊరు అడుగుదురు. మరాఠీలో ఒక మాట తెలుగు పోకడ పోయినచో పట్టుకొందురు. అచ్చటనుండి హైదరాబాదులోని చుట్టములయింటికి పోయినచో, "మీదేమి తెలుగర్రా, సగము మరాఠీ కలిసియున్నది" అని వారును నవ్వుదురు. రెండు వైపుల నవ్వుమధ్య నిలిచిన పదునైదేండ్ల పిల్ల ఏమి చేయును? తెలుగు మాటాడుట మానును. బస్సులో తల్లి తెలుగున పిలిచినచో హిందీలో బదులు చెప్పును. పాఠశాల మూతపడుటకంటె, పుస్తకము దొరకకపోవుటకంటె ముందుగా భాష పోవు చోటు ఇదియేయని మా యభిప్రాయము.

ఈ స్పానిషు కథనుండి మేము గ్రహించిన ముఖ్యవిషయము ఇచ్చటనే తగులును. అర్జెంటీనా స్పానిషు వేరు, మెక్సికో స్పానిషు వేరు. 'నీవు' అనుటకు అర్జెంటీనావారు 'వోస్' అందురు, మెక్సికోవారు 'తూ' అందురు. క్రియారూపములు మారును, పిలుపులు మారును, ఉచ్చారణయు మారును. స్పెయిను దేశపు మాడ్రిడ్ నగరమువారి పలుకు ఈ రెండింటికిని భిన్నము. మొదటి కథ అర్జెంటీనా పిల్లల పలుకుబడిలోనే తీయబడెను. మెక్సికోవారు దానిని తిరిగి తీసినపుడు తమ పలుకులో తీసిరి. మాడ్రిడ్ వారి పలుకు పెట్టుకొననిచో స్పానిషు కాదని ఎవరును సిగ్గుపడలేదు. రెండు కథలును స్పానిషు కథలుగానే లోకమెల్ల తిరిగినవి. మెక్సికో బృందమువారు మాడ్రిడ్ లోను సభలు చేసిరి. 2008 డిసెంబరులో వారి కడపటి సభ అచ్చటనే జరిగినది.

మరి మన తెలుగు? తాతలు పాలమూరునుండి, నల్లగొండనుండి, కరీంనగరమునుండి, వరంగల్లునుండి మగ్గము విప్పి బండికెత్తి తెచ్చిన తెలుగు. 1877లో ఇచ్చట మొదటి గుడ్డల మిల్లు నడచినపుడు దాని శబ్దములో కలిసిపోయిన తెలుగు. దానిలో మరాఠీ మాటలు చేరినవి, కన్నడపు మాటలును చేరినవి. చేరకుండునా? సాంచ, నాడె, కండె, ఆసు అను మాటలు చెప్పగలిగిన మనుమరాలు తప్పు తెలుగు మాటాడుచున్నదని హైదరాబాదు చుట్టము నవ్వుటకు ఏమి అధికారము? ఈ పత్రికలో మేము వ్రాయు గ్రాంథికమును ఏ పిల్లవాడును వీధిలో మాటాడడు. మాటాడినచో మేమే బెదరుదుము. పిల్లల మాట వేరుగా నుండవలెను, దానికొక గౌరవస్థానము ఉండవలెను.

కథ జనులను కదలించునా యని సందేహించువారికి పాత వృత్తాంతమొకటి కలదు. అది మన వృత్తికి దగ్గరిది. 1969లో పెరూ దేశమున 'సింప్లెమెంతె మరియా' అను తెలెనొవేల ప్రారంభమాయెను. మరియా పల్లెనుండి పట్టణమునకు వచ్చి ధనికులయింట పనిపిల్లగా చేరును. మోసపోయి బిడ్డతల్లియగును. రాత్రులు చదువు నేర్చును, కుట్టుయంత్రము నేర్చును. ఆ యంత్రముతోనే బ్రతుకు దిద్దుకొని బట్టల రూపకర్త యగును. ఆ కథ నడచినన్నాళ్ళు స్త్రీలు కుట్టుతరగతులకు, వయోజనపాఠశాలలకు పరుగెత్తిరి. సింగర్ యంత్రముల అమ్మకము పెరిగెను. కథలో మరియాకు, ఆమెకు చదువు చెప్పిన పంతులుకు పెండ్లి జరుగు దృశ్యమును లీమాలోని యొక చర్చిలో తీయగా, నిజమైన పెండ్లికి వచ్చినట్లు వేలకొలది జనులు వచ్చిరి.

మెక్సికోలోని మీగెల్ సబీదో అను నాటకకర్త దీనిని శ్రద్ధగా పరిశీలించెను. ఒక కుట్టుయంత్రము అనుకోకుండ ఇంత పని చేసినచో, అనుకొని చేసిన కథ ఎంత పని చేయునోయని తలచి, 1975లో 'వెన్ కొన్మీగో' అను ధారావాహికను వయోజనుల అక్షరాస్యత కొరకు తీసెను. పాత్రలు చదువురాని పెద్దలు; సిగ్గుపడుచు, తడబడుచు అక్షరములు నేర్తురు. ఒకనాటి అధ్యాయమున పాఠ్యపుస్తకములు ఉచితముగా ఎచ్చట దొరకునో చెప్పగా, మరునాడు ఆ కార్యాలయమునకు జనులు వెల్లువగా పోయి మెక్సికో నగరపు వీధులలో వాహనములు కదలలేకపోయెను. లక్షలకొలది జనులు ఆ చదువులలో పేర్లు వ్రాయించుకొనిరి. తరువాత 1977లో కుటుంబనియంత్రణను గూర్చి 'అకొంపాన్యమే' వచ్చెను.

ఈ పద్ధతియే మన దేశమునకు 'హమ్ లోగ్' రూపమున వచ్చెను. 1984 జులైలో ఢిల్లీ దూరదర్శనమున ప్రారంభమై 1985 డిసెంబరు వరకు నడచిన ఆ సీరియలును మనోహర్ శ్యామ్ జోషీ వ్రాసెను. ప్రతి అధ్యాయము చివర అశోక్ కుమార్ కనబడి, నవ్వుచు ఒక ప్రశ్న వేసి పోవువాడు. ఆయనకును దూరదర్శనమునకును ప్రేక్షకులు లక్షలకొలది ఉత్తరములు వ్రాసిరి. ఆ యింటిలోని చిన్నపిల్ల ఛుట్కీ వైద్యురాలు కాగోరును. మఝ్లీ సినిమాతార కాగోరి కష్టములలో పడును. ఇరుకైన యింటిలో పలుకు కడుపులు, తక్కువ జీతము, పెద్దవారి జగడములు. అది మన వాడల ఇల్లే. ఇరువదేండ్ల పిదప 'రీమిక్స్' వచ్చునప్పటికి ఇల్లు పోయి మేడ మిగిలెను. మెక్సికో మనకు పంపిన మొదటి దండను మనము సగములో విడిచి, అర్జెంటీనా పంపిన రెండవ దండను పూర్తిగా నేసితిమి. ఇందులకు స్పానిషువారు దోషులు కారు.

ఇక అమెరికా మాట. టెక్సాసు, కాలిఫోర్నియా రాష్ట్రములలో స్పానిషు మాటాడువారు తరతరములుగా నున్నారు. ఒకప్పుడు టెక్సాసు బడులలో ఆవరణలో స్పానిషు మాటాడిన పిల్లలకు శిక్ష విధించెడివారు. అట్టి దినములలో సాన్ ఆంటోనియో నగరమున రౌల్ కోర్తెస్ అను ఆయన 1946లో స్పానిషు రేడియోను, 1955లో స్పానిషు టెలివిజనును స్థాపించెను. ఆ చిన్న కేంద్రమే పెరిగి నేటి యూనివిజన్ సంస్థకు మూలమాయెను. సాయంకాలము భోజనము తరువాత నానమ్మ, తల్లి, బిడ్డ ఒకచోట కూర్చుండి తెలెనొవేల చూచుట వారి యిండ్లలో ఆచారమైపోయినది. బడిలో ఆంగ్లము, వీధిలో ఆంగ్లము. ఆ గంటసేపు మాత్రము స్పానిషు.

కాని నానమ్మకు నచ్చు కథ మనుమరాలికి నచ్చదు. 'రెబెల్దే' ఆ లోటును పూడ్చినది. యూనివిజన్ దానిని 2005లో ప్రసారము చేయగా, ఆంగ్లములో పరీక్షలు వ్రాయు పిల్లలు స్పానిషులో పాటలు నేర్చిరి. 2006 డిసెంబరులో ఆ బృందము ఆంగ్లమున 'రెబెల్స్' అను పాటల సంపుటిని వెలువరింపగా, స్పానిషు పాటలకు వచ్చిన ఆదరము దానికి రాలేదు. 2023లో ఐదుగురు సభ్యులు తిరిగి కలిసి, టెక్సాసులోని ఎల్ పాసో నుండి బయలుదేరి అమెరికా పట్టణములలో పాడగా, ముప్పది దాటిన స్త్రీపురుషులు ఆ పాటలను కంఠస్థముగా పాడిరి. అమెరికాలో పుట్టి పెరిగినవారు వారిలో ఎందరో. తమ చిన్నతనపు ముద్దుమాట స్పానిషులో నున్నది గనుక అది పోలేదు.

ఒక్క సీరియలుతో భాష నిలుచునని మేము చెప్పుట లేదు. స్పానిషు వెనుక ఇరువది దేశములున్నవి. అయినను అమెరికాలో మూడవతరము పిల్లలు ఆ భాషను జారవిడుచుచునే యున్నారు. పాట వచ్చినవానికి చదువుట రాకపోవచ్చును. ఇస్రాయేలులోను ఈ కథలు హీబ్రూ ఉపశీర్షికలతో వచ్చి, అచ్చటి బాలికలు ఉత్సాహముతో స్పానిషు మాటలు నేర్చిరి. నేర్చినవారందరు చివరివరకు నేర్చిరని కాదు.

మనమును దిక్కులేనివారము కాము. మన వెనుక హైదరాబాదున్నది, సినిమా యున్నది. 1995లో ఈటీవీ, జెమిని వాహినులు వచ్చినప్పటినుండి షోలాపూరు యిండ్లలో తెలుగు వినబడుచున్నది. 2021లో స్పానిషువారి 'మనీ హైస్ట్' తెలుగు గొంతుతోనే ఫోనులలోనికి వచ్చెను. మహారాష్ట్ర ప్రభుత్వపు బాలభారతి సంస్థ తెలుగులోను పాఠ్యపుస్తకములు ముద్రించుచున్నది. అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషలో విద్య కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడెను. ఈ హక్కుల కొరకు అర్జీలు వ్రాయుట సంఘము మానరాదు. కాని మన పిల్లలకు తెలుగు చెవికి తెలియును, కంటికి తెలియదు. సినిమాపాటను దేవనాగరిలోనో, ఆంగ్లాక్షరములలోనో వ్రాసికొని పాడుచున్నారు. టెలివిజనులోని తెలుగు సీరియళ్ళు అత్తాకోడండ్ల కొరకు. సంఘములోని తెలుగు తాతల కొరకు. గుడిలోని తెలుగు దేవుని కొరకు. పదునైదేండ్లవానికి తెలుగులో ఎవరును ఏమియు చెప్పుట లేదు.

కావున కార్యవర్గము ముందు ఒక ప్రతిపాదన పెట్టుచున్నాము. మన వాడల పిల్లలచేతనే, మన వాడల తెలుగులో, పది చిన్న అధ్యాయముల కథను ఫోనుతో తీయింతము. తీయుటకు కావలసిన నైపుణ్యము వారికి మనకంటె నెక్కువగా కలదు. మేము కోరు నియమము ఒక్కటియే: సంభాషణలు తెలుగు లిపిలో వ్రాయబడవలెను, నటించువారు ఆ కాగితమును చూచి చదువవలెను. పాత్ర కావలెనన్న అక్షరము రావలెను. మెక్సికోలో పెద్దలు సిగ్గు విడిచి అక్షరములు నేర్చినది కథలోని పాత్రలను చూచియే. ఇచ్చట పిల్లలు కథలోనికి దూరుటకే నేర్తురు.

కథ మనమే కల్పింపనక్కరలేదు; అట్టల దండ సిద్ధముగా నున్నది. విద్యార్థివేతనముతో కళాశాలకు పోయిన బీడీకార్మికురాలి కూతురు. ఆమె యాసను చూచి నవ్వు స్నేహితులు. వారిలో ఒకడు మన వాడవాడే, తాను తెలుగువాడనని దాచుకొన్నవాడు. వసతి పాఠశాలకు బదులు సాంచల శాల, మేడకు బదులు బీడీల కార్ఖానా, సంగీతసభకు బదులు నారళీ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవము. అతడు రథము ముందు తెలుగున కేక వేయునో, మానునో పిల్లలే తేల్చుకొందురు. మాకుగల ఆశను ముందే చెప్పి వారి కథను చెడగొట్టము.

ఆడపిల్లలు నటించుటకు అభ్యంతరము చెప్పు పెద్దలున్నారని ఎరుగుదుము. తల్లులు దగ్గరనుండవలెను, పరీక్షల నెలలలో పని నిలుపవలెను, చిత్రమును బయట పెట్టుటకు ముందు ఇంటివారి యంగీకారము వ్రాతమూలముగా తీసికొనవలెను. ఇంతకు మించిన అభ్యంతరమునకు మేము తలయొగ్గము. తెల్లవారినది మొదలు వేయి బీడీలు చుట్టి లెక్క అప్పగించి రాగల పిల్ల కెమెరా ముందు పది మాటలు పలుకుటకు తగదనుట మాకు అర్థముకాని నీతి.

ముసలివారికిని పని యున్నది. మగ్గపు భాగముల పేర్లు, నేతపాటల వరుసలు, తాతలు ఊరు విడిచి వచ్చిన త్రోవ, మిల్లు కూత వేళలు, ఇవి పిల్లలకు తెలియవు. ఆదివారపు మధ్యాహ్నములలో ఇద్దరు ముగ్గురు పిల్లలు కాగితము కలము పట్టుకొని తమ యిండ్లకు వచ్చెదరు. వారు తప్పులతో వ్రాసినను దిద్దుటకు తొందరపడక, ముందు చెప్పవలసినది చెప్పుడని వేడికోలు. వ్రాత నేర్పు భారము సంఘపు తెలుగు తరగతి వహించును. కార్యవర్గము ఒప్పుకొన్నచో ఆ తరగతి శనివారపు సాయంకాలములకు మార్చబడును. మొదటి అధ్యాయపు చేవ్రాత ప్రతి సిద్ధమైన పిదప ఈ సభలోనే పిల్లలచేత చదివింతుము. ఆనాడు వెనుక వరుసలవారు ముందు కూర్చుందురు. మనము గోడకు ఆనుకొని నిలుతము.